గల్‌మోక్ బండల మీద అర వాటా

మండలాఫీసు గోడకి ఒక మ్యాపు ఉంది. అందులో మా దీవులు నూటికి పైనే. మనుషులున్నవి ముప్ఫై కూడా ఉండవు, మిగతావి మేకలకీ సముద్రకాకులకీ వదిలేశాం. ఆఫీసు పెద్ద దీవిలో ఉంది. బడి, బ్యాంకు, ఠాణా, ఆస్పత్రి అన్నీ అక్కడే కాబట్టి అక్కడి గుమాస్తాలకి మిగతా దీవులంటే మ్యాపు మీద ఈగలు చేసిన మచ్చలే. గల్‌మోక్ ఆ మచ్చల్లో చివరిది. లాంచీ అన్ని రేవులూ తిరిగి, సరుకంతా దింపేసి, ఇంక దింపడానికి ఏమీ లేనప్పుడు అక్కడికి వెళ్తుంది. గాలి తిరిగితే అదీ లేదు.

ఆ గల్‌మోక్‌కి పదహారేళ్ళు ఊరిపెద్దగా ఉంది గుమ్‌నే. మండలం ఏర్పడ్డాక మొదటి ఆడ ఊరిపెద్ద అని ఆఫీసువాళ్ళు ఆవిణ్ణి తీసుకెళ్ళి, చేతిలో పూలగుత్తి పెట్టి, ఫొటో తీసి పంపించారు. "మీకెలా ఉంది పెద్దమ్మా?" అని ఎవడో కుర్రాడు అడిగితే, "ఎలా ఉండడానికేముంది? మగాళ్ళు చచ్చారు. చావనివాళ్ళకి మోకాళ్ళు పోయాయి. కుర్చీ ఖాళీగా ఉంటే కూచున్నాను" అంది. అందరూ నవ్వారు. ఆవిడ నవ్వలేదు. గుమ్‌నే నవ్వగా చూసినవాళ్ళు మా దీవుల్లో తక్కువే.

ఊరిపెద్ద అంటే పెద్ద పదవేం కాదు. పొద్దున్నే లేచి, ఊరి చావడిలో ఉన్న మైకు ముందు కూచుని, ఇవాళ లాంచీ వస్తుందో రాదో చెప్పాలి. లాంచీ వస్తే రేవులో నిలబడి తాడు అందుకుని గుంజకి కట్టాలి. ముసలివాళ్ళ మందులు తెప్పించాలి, కరెంటు పోతే ఫోన్ చెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, నాచు వాటాలు తెగ్గొట్టాలి. ఊళ్ళో పెద్దరికమంతా అక్కడే ఉంది.

గల్‌మోక్‌కి పొలాల్లేవు. ఉన్నదంతా బండలు, ఆ బండల మీద మొలిచే నాచు. బాలింతలకి చారు కాచి పోసే నాచు అది. ఎంతసేపు మరిగినా ముద్దయిపోదు గనక పట్నాల్లో పురుడొచ్చిన ఇంటివాళ్ళు మా బండల నాచే కావాలని వెతుక్కుని కొంటారు. ఊరికే మొలుస్తుందనుకుంటారు కూడా. చలికాలంలో వేళ్ళు కొంకర్లు పోతుంటే బండలన్నీ గీకి నున్నగా చెయ్యాలి, లేకపోతే విత్తనం అంటుకోదు. ఎండలు ముదిరాక, ఆటుకి సముద్రం వెనక్కి తగ్గినప్పుడల్లా బండ ఎక్కి బొచ్చెలతో సముద్రపు నీళ్ళు తోడి నాచు మీద కొడుతూనే ఉండాలి, లేకపోతే మాడిపోతుంది. అప్పుడు గానీ కోతకి రాదు. బండలు ఎవరి సొంతమూ కాదు, ఊరివి. గీకడానికీ తడపడానికీ వచ్చిన ఇంటికి వాటా. ఊరు విడిచిపోయినవాడికి వాటా లేదు, అమ్ముకోవడం లేదు, రాసిచ్చుకోవడం లేదు. మగాడున్న ఇంటికి పూర్తి వాటా. విధవ ఇంటికి అర.

ఆ అర వాటా గుమ్‌నే మొహాన పడేసరికి ఆవిడకి ఇరవై ఎనిమిదేళ్ళు. మొగుడు వలలు తియ్యడానికి వెళ్ళి తిరిగి రాలేదు. కొడుకు చాంగ్‌బేకి నాలుగేళ్ళు. అప్పటి ఊరిపెద్ద వరసకి ఆవిడకి పెదమావగారు. చావడిలో మగాళ్ళందరూ కూచుని వాటాలు తేలుస్తుంటే ఆవిడ గుమ్మం బయట, చలిలో, పిల్లాణ్ణి వీపున కట్టుకుని నిలబడింది. ఆడవాళ్ళు లోపలికి వెళ్ళే రోజులు కావు అవి. పెదమావగారు బయటికొచ్చి, "అర వాటాయేనమ్మా. నా చేతిలో ఏముంది, కట్టుబాటు" అని, జాలిగా మొహం పెట్టి, ఇంటికెళ్ళి సుబ్బరంగా భోంచేశాడు.

ఆ ఏడాది నుంచి గుమ్‌నే మగాడి పని చేసింది. తెడ్డు వేసింది. పాకుడు బండల మీద మగాళ్ళు కూడా దిగడానికి జంకే చోట నడుముకి తాడు కట్టుకుని దిగి గీకింది. కోత రోజున కుప్పలు వేసేటప్పుడు మాత్రం ఆవిడ కుప్ప పక్కవాళ్ళ కుప్పలో సగం ఉండేది. మొదట్లో ఏడ్చింది. తరవాత తిట్టుకుంది. ఆ తరవాత, ఇదే ఆవిడతో వచ్చిన చిక్కు, దాన్ని చూసి గర్వపడ్డం మొదలుపెట్టింది. "అర వాటాతో ఇల్లు నిలబెట్టాను. ఒకడి గడప తొక్కలేదు" అని ఆ మాట ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. వినేవాళ్ళం కూడా అవునవును అనేవాళ్ళం. ఓర్చుకున్నదాన్ని పొగడటం మాకు బాగా అలవాటు. ఎందుకు ఓర్చుకోవాలి అని అడగడం మాకు చేతకాదు.

చాంగ్‌బే మంచివాడు, నెమ్మదస్తుడు. మోక్‌పో రేవులో చేపల బేరానికి వెళ్ళి, అక్కడ హోటల్లో వడ్డించే మిరాన్‌ని పెళ్ళి చేసుకుని తెచ్చుకున్నాడు. పట్నం పిల్ల నాలుగు నెలలు ఉండదని ఊరంతా అనుకుంది. ఉంది. బండలు గీకడం నేర్చుకుంది, మొదటి చలికాలం చేతులు పగిలి నెత్తురు కారితే గుడ్డలు చుట్టుకుని గీకింది. అత్త ఏమంటే అది చేసింది. కాకపోతే ఆ పిల్ల ఎదురు చెప్పేటప్పుడు గొంతు పెంచదు, మెల్లిగా ఒక్క మాట అంటుంది. ఆ ఒక్క మాటకీ గుమ్‌నేకి పడేది కాదు. అందుకే కొడుకుకి వేరే ఇల్లు కట్టించింది, తన ఇంటికి నాలుగు రాతిగోడల అవతల. ఒకే ఊరు, రెండు పొయ్యిలు. కొడుకింటికి పూర్తి వాటా, తనకి ఎప్పటిలా అర. మనవరాలు యేరిన్ పుట్టినప్పుడు తన అర వాటాలోంచి మేలిమి నాచు ఏరి, చారు తనే కాచి మిరాన్‌కి పోసింది. ప్రేమ లేదని కాదు. ప్రేమని గిన్నెలో పోసి పెట్టడం వచ్చు గానీ నోటితో చెప్పడం రాదు ఆవిడకి.

చాంగ్‌బే కూడా సముద్రంలోనే పోయాడు. చలి మొదలయ్యే రోజుల్లో, గల్‌మోక్‌కీ హాగోక్ దీవికీ మధ్య నీటి లాగుడులో పడవ తిరగబడింది. యేరిన్‌కి అప్పుడు పదేళ్ళు.

అప్పటికి ఊళ్ళో ఇళ్ళు సరిగ్గా పది. మండలం లెక్కలో పదికి తగ్గితే ఊరు ఊరు కాదు. పక్క దీవి హాగోక్‌లో వాడగా కలిపేస్తారు. బండలు కూడా వాళ్ళతో కలిసిపోతాయి. పదింట్లో మగాళ్ళున్న ఇళ్ళు మూడే మిగిలాయి. తక్కిన ఏడూ విధవల ఇళ్ళు. అంటే ఏడు అరలు. ఇంత జరిగినా ఆ కట్టుబాటు గురించి ఎవరూ కిమ్మనలేదు. మిరాన్ వాటా మాట వచ్చేదాకా.

కొత్త ఏడాది మొదట్లో చావడిలో సమావేశం పెట్టారు. వెచ్చటి నేల మీద అందరూ గుండ్రంగా కూచున్నారు. ఉడికిన చిలగడదుంపలు, కిమ్చీ ఊరగాయ, బియ్యం కల్లు మధ్యలో ఉన్నాయి. గుమ్‌నే మైకు బల్ల పక్కన కూచుని ఒక్కో ఇంటి పేరూ చదివి వాటా చెప్తోంది. మిరాన్ ఇల్లు వచ్చింది. గుమ్‌నే పేరు చదివి ఆగింది. అందరూ ఆవిడ మొహమే చూస్తున్నారు.

దల్సు ముందుగా నోరు విప్పాడు. మిగిలిన ముగ్గురు మగాళ్ళలో పెద్దవాడు. కర్ర లేకుండా గుమ్మం దాటలేడు.

"చూడు ఊరిపెద్దా, పోయిన వేసవంతా నేను బండ మీద కుర్చీ వేసుకుని కూచుని అరవడం తప్ప చేసిందేం లేదు. ఈ పిల్ల నా వంతు బండ కూడా తనే తడిపింది. నాకు పూర్తి, తనకి అరా? నాకే సిగ్గేస్తోంది."

"నీకు సిగ్గు కూడా ఉందా మావా? ఇన్నాళ్ళూ ఎక్కడ దాచావు?" అంది పాన్‌సున్. గుమ్‌నే పక్కింటావిడ ఈమె. చిన్నప్పటి నుంచీ స్నేహితురాలు. ఈవిడా విధవే. అందరూ నవ్వారు. పాన్‌సున్ ఇంకొంచెం ముందుకి జరిగింది. "గుమ్‌నే, మనం ఏడుగురం అర వాటావాళ్ళం. వాళ్ళు ముగ్గురు. ఈ దిక్కుమాలిన అర వాటా తీసి పారేద్దాం. ఎవడొస్తాడు అడ్డం? దల్సు మావా?"

"నేనెక్కడొస్తానే, నాకు లేవడానికే ఇద్దరు కావాలి" అన్నాడు దల్సు.

అయిపోయిందనుకున్నారు. నిజంగా అక్కడితో అయిపోవలసింది. తలూపి పేరు పక్కన పూర్తి అని రాసేస్తే ఈ కథ చెప్పే పనే నాకు లేదు.

గుమ్‌నే తలూపలేదు. "కట్టుబాటు అంటే కట్టుబాటు. నా కోడలని మార్చేశానంటారు" అంది.

"ఎవరంటారు?" అన్నాడు దల్సు.

"ఎవరో ఒకరంటారు."

"ఊళ్ళో ఉన్నది పదిళ్ళు. అనేవాళ్ళందరూ ఇక్కడే కూచుని దుంపలు తింటున్నారు కదమ్మా. ఇంకెవరంటారు?"

గుమ్‌నే పేర్ల కాగితం సర్దుకుంది. లోపల ఉన్నది వేరే. ఇంత తేలిగ్గా, దుంపలు తింటూ, నవ్వుకుంటూ తీసి పారేసేదే అయితే, చలిలో పిల్లాణ్ణి వీపున కట్టుకుని గుమ్మం బయట తను నిలబడ్డది ఎందుకు? నడుముకి తాడు కట్టుకుని దిగింది ఎందుకు? ఆ మాట పైకి అంటే బాగుండేది. అందరూ తలో కన్నీటి చుక్క రాల్చి, ఆనక వాటా మార్చేవాళ్ళు. ఆవిడ అనలేదు. "నేను తిన్నాను అర వాటా. పాన్‌సున్ తింది. ఎవరూ చావలేదు" అని మాత్రం అంది.

అప్పుడు మిరాన్ అడిగింది, ఎప్పటిలా మెల్లిగానే. "అత్తయ్యా, అర వాటాతో యేరిన్‌ని ఎలా పెంచమంటారు?"

"నేను చాంగ్‌బేని పెంచలేదా?"

"పెంచారు" అంది మిరాన్. "ఆరో తరగతిలో బడి మానిపించి పడవెక్కించారు. అలాగే పెంచారు."

దల్సు చేతిలో కల్లుగిన్నె అలాగే గాల్లో ఉండిపోయింది. ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు, అందరికీ తెలుసు. అర వాటాతో బడి ఖర్చు కుదరక, పెద్ద దీవిలో వసతికి పెట్టలేక, పన్నెండేళ్ళవాణ్ణి గుమ్‌నే తనే వేలు పట్టుకుని తీసుకెళ్ళి పడవ యజమానికి అప్పగించింది. ఆ పడవ మీద నేర్చిన పనే వాణ్ణి చివరికి మింగింది. ఆవిడకి నిద్రలో కూడా గుచ్చుకునే ముల్లు అది. ఊరందరి ముందూ కోడలు దాని మీద వేలు పెట్టి నొక్కింది.

"అర వాటా" అంది గుమ్‌నే. "తరవాతి ఇల్లు."

ఇంక ఎవరూ మాట్లాడలేదు. ఊరి సంగతైతే మాట్లాడేవాళ్ళే. అత్తా కోడళ్ళ మధ్య మాటొచ్చాక మూడోవాళ్ళు నోరు దూర్చకూడదు, అది మా దీవుల మర్యాద. ఆ మర్యాద మంట్లో కలవ. ఎనిమిదిమంది పెద్దవాళ్ళు అక్కడ కూచుని, తప్పు జరుగుతోందని తెలిసి, మర్యాదగా దుంపల తొక్కలు తీసుకున్నారు.

ఇంటికొచ్చి ఒళ్ళు చల్లబడ్డాక గుమ్‌నే ఆలోచించుకుంది. చెడ్డది కాదు ఆవిడ, మొండిది. కట్టుబాటు ఊరి కోసం, అది అలా ఉండనీ. ఇంటి లోపల సంగతి వేరు. తనకి మండలం నుంచి ముసలివాళ్ళకిచ్చే భత్యం వస్తుంది, తినేది పిడికెడు. తన అర వాటా మొత్తం మిరాన్‌కి ఇచ్చేస్తే రెండరలు కలిసి ఒకటవుతుంది. యేరిన్ పెద్ద దీవి బడికి వెళ్తుంది. ఊరికి కట్టుబాటూ తప్పదు, కోడలికి లోటూ ఉండదు. చక్కగా తేల్చుకుంది మనసులో. కోడలు వచ్చి, "అత్తయ్యా, ఆ మాట అనకూడదు, నోరు జారాను" అంటే చాలు. ఆ వెంటనే చెప్పేస్తుంది.

మిరాన్ రాలేదు. పొద్దున రాలేదు, సాయంత్రం రాలేదు. గుమ్‌నే కిమ్చీ జాడీ బయటపెట్టి రెండిళ్ళకీ సరిపోయేంత తీసి గిన్నెలో సర్ది మూతపెట్టింది, వస్తే ఇద్దామని. అది అక్కడే ఉంది.

పాన్‌సున్‌కి సంగతంతా చెప్పింది. పాన్‌సున్ నెత్తి కొట్టుకుంది.

"వెళ్ళి చెప్పవే ఆ ముక్క. నాలుగు గోడల అవతలే కదా ఇల్లు. నోరు అరిగిపోతుందా?"

"అత్తని నేను. నేను వెళ్ళాలా?"

"మొగుడు పోయి మూడు నెలలు కాలేదు దానికి. నువ్వు అత్తవా, ఊరిపెద్దవా, ఏదో ఒకటి తేల్చుకో. రెండూ కలిపి దాని నెత్తిన కూచోకు."

"అదే వస్తుందిలే" అంది గుమ్‌నే. "నువ్వు మాత్రం వెళ్ళి చెప్పకు. నా నోటితో చెప్పాలి."

ఆ నోరు పొద్దున్నే మైకు ముందు తెరుచుకునేది. గాలి ఎక్కువగా ఉంది, లాంచీ రాదు. మళ్ళీ మర్నాడు, లాంచీ రాదు. కొండ మీది స్తంభానికి కట్టిన మైకు గొట్టంలోంచి ఆవిడ గొంతు పదిళ్ళలోనూ వినిపించేది, మిరాన్ వంటింట్లో కూడా. ఊరందరికీ చెప్పే నోరు ఒక్క ఇంటికి చెప్పలేకపోయింది.

ఆ తరవాత గాలి తగ్గింది. "ఇవాళ లాంచీ వస్తుంది. సరుకు పంపేవాళ్ళు రేవుకి తెచ్చుకోండి" అని గుమ్‌నే మైకులో చెప్పింది. చెప్పి రేవుకి నడిచి, తాడందుకోవడానికి నిలబడింది. మిరాన్ రెండు సంచులతో, యేరిన్ వీపున బడి సంచితో దిగి వచ్చారు. ఆ తల్లీకూతుళ్ళు వెళ్ళిపోవడానికి కబురు తనే పెట్టిందని గుమ్‌నేకి అప్పుడు తెలిసింది.

లాంచీ మీద నుంచి తాడు విసిరారు. ఆవిడ అందుకుని గుంజకి చుట్టింది. చేతులు వాటంతటవే పనిచేశాయి. యేరిన్ నడుం వంచి నాయనమ్మకి దణ్ణం పెట్టింది. మిరాన్ సంచులు లోపల పెట్టి వెనక్కి తిరిగింది. "వస్తానత్తయ్యా. ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి."

చెప్పడానికి మాట సిద్ధంగానే ఉంది. చుట్టూ సరుకు దింపేవాళ్ళున్నారు, లాంచీ సరంగు చూస్తున్నాడు, దల్సు కర్రమీద ఆనుకుని వింటున్నాడు. గుమ్‌నే మనవరాలి వైపు చూసి, "చలిగాలి, పిల్ల మెడకి ఏదైనా చుట్టు" అంది. సరంగు కేకేశాడు. ఆవిడ వంగి తాడు విప్పింది.

నెల తిరక్కుండా మండలాఫీసు గుమాస్తా వచ్చాడు. మంచి కుర్రాడు, వస్తూ పళ్ళు తెచ్చాడు. చావడిలో కూచుని, చెప్పలేక చెప్పాడు. మిరాన్ పేరూ పిల్ల పేరూ మోక్‌పోకి మారాయి. ఇళ్ళు తొమ్మిది. గల్‌మోక్ ఇంక ఊరు కాదు, హాగోక్ గ్రామంలో ఒక వాడ.

"ఆవిడ పేరు ఇక్కడే ఉంచుకోవచ్చు పెద్దమ్మా. మా ఆఫీసుకొచ్చినప్పుడు నేనే చెప్పాను, వచ్చి పోతుంటే పరవాలేదు, ఉంచుకోండి, ఊరు నిలబడుతుందని. కాసేపు ఆలోచించారు కూడా."

"మరి?"

కుర్రాడు పళ్ళసంచి సర్దాడు. "'వద్దులెండి. మా అత్తగారు ఊరిపెద్ద. ఉండని ఇంటిని ఉన్నట్టు చూపిస్తే ఆవిడ ఒప్పుకోరు, కట్టుబాటు తప్పరు' అన్నారు."

గుమ్‌నే లేచి వెళ్ళింది. ఊరిపెద్ద ముద్ర తెచ్చి ఇచ్చేసింది. గుమాస్తా మైకు తీగ పీకి, చుట్టి, పెట్టెలో పెట్టుకున్నాడు. ఇకమీదట కబుర్లన్నీ హాగోక్ నుంచి వస్తాయి. లాంచీ కూడా ముందుగా ఫోన్ చేస్తేనే గల్‌మోక్ వైపు తిరుగుతుంది. ఆ రోజు ఊళ్ళో ఎవరూ గుమ్‌నేని తిట్టలేదు. తిట్టి ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేది. పాన్‌సున్ మాత్రం వారం దాకా ఆవిడ గడప తొక్కలేదు.

హాగోక్ అంటే మాకు పడదు. తాతల నాడు ఏదో బండ మీద తగువొచ్చి, అప్పట్నుంచీ రెండూళ్ళకీ పిల్లనిచ్చి పుచ్చుకోవడం లేదు, పలకరింపూ లేదు. చూస్తే ఎంత దూరం? పొద్దున్నే గట్టెక్కితే వాళ్ళ పొయ్యిల పొగ కనిపిస్తుంది. వాళ్ళ కుక్క మొరిగితే గాలివాటున వినిపిస్తుంది. అయినా వాళ్ళు వాటాలెలా వేసుకుంటారో, బండలెప్పుడు గీకుతారో మేం ఎన్నడూ అడగలేదు. అడగడం నామోషీ అనుకున్నాం.

ఎండాకాలం బండలు తడపడానికి వాళ్ళే మరపడవల మీద వచ్చారు. మోటారు పంపులు తెచ్చి నీళ్ళు కొట్టారు. గల్‌మోక్ ముసలివాళ్ళని బండలెక్కనివ్వలేదు, గొడుగు కింద కూచోబెట్టారు. గుమ్‌నే ఆ గొడుగు కింద కూచోలేదు. బొచ్చె పట్టుకుని వెళ్ళి తన వంతు బండ తనే తడిపింది. వాళ్ళు వద్దంటే విననట్టు నటించింది.

కోత రోజున రేవు సిమెంటు గచ్చు మీద కుప్పలు వేశారు. హాగోక్ ఊరిపెద్ద తేగున్, ముప్ఫై అయిదేళ్ళవాడు. ఒక్కో ఇంటినీ పిలిచి కుప్ప చూపిస్తున్నాడు.

"గుమ్‌నే పెద్దమ్మా, ఇది మీది."

ఆవిడ చూసింది. "ఎక్కువ పడింది. సరిగ్గా చూడు నాయనా."

"సరిగ్గానే ఉంది పెద్దమ్మా. ఇంటికొకటి."

"నేను విధవని."

"అయితే?" అన్నాడు తేగున్. వేళాకోళం కాదు, నిజంగానే అతనికి అర్థం కాలేదు.

"విధవకి అర వాటా కదా."

"మా ఊళ్ళో అరలు లేవు పెద్దమ్మా. ఎప్పుడూ వినలేదు నేను." అవతల నాచు మూటలు కడుతున్న తల్లిని కేకేశాడు. "అమ్మా, మన ఊళ్ళో అర వాటాలుండేవా?"

ఆ తల్లి మూట మీద మోకాలు ఆనించి తాడు బిగిస్తూనే చెప్పింది. "నేను కాపరానికొచ్చేసరికే లేవురా. అంతకుముందు ఉండేవట. ఒక ఏడాది తుఫానులో ఎనిమిదిమంది ఒకేసారి పోయారు. ఎనిమిదిళ్ళకి అర పెడితే ఊరే అర అయిపోతుంది, పిల్లలెలా బతుకుతారని మా అత్తగారివాళ్ళు చావడిలోకి దూరి దెబ్బలాడారు. ఆ పూటే తీసేశారు."

"నువ్వు కాపరానికొచ్చింది ఎప్పుడమ్మా?" అంది గుమ్‌నే.

తల్లి ఆ సంవత్సరం చెప్పింది. గుమ్‌నే మొగుడు పోయిన ఏడే అది.

గుమ్‌నే కుప్ప దగ్గరికి వంగింది. తేగున్ సాయం పట్టబోతే వద్దంది. నాచు తడిగా ఉన్నప్పుడు బరువెక్కువ. వీపు బుట్టలో రెండు సార్లుగా మోసుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఒక్కసారికే సరిపోయేది.

ఇంటికొచ్చి పరవడం మొదలుపెట్టింది. నాచు ఆరబెట్టే తడకలు ఆవిడ దగ్గర అర వాటాకి సరిపడానే ఉన్నాయి. అవి నిండిపోయాయి. మిగిలిన సగం గడప దగ్గర కుప్పగా ఉండిపోయింది. మధ్యాహ్నం లోపల పరచకపోతే పసుపెక్కి చెడిపోతుంది. పాన్‌సున్‌ని అడుగుదామంటే ఆవిడ తడకలూ నిండిపోయాయి. ఆవిడకీ పూర్తి వాటా వచ్చింది కదా. ఆరిళ్ళలోనూ ఆ రోజు అదే అవస్థ, ముసలమ్మలు దుప్పట్లు పరిచి, తలుపులు ఊడదీసి ఆరబెట్టుకుంటున్నారు.

గుమ్‌నే బుట్ట ఎత్తుకుని నాలుగు గోడలు దాటి కొడుకు ఇంటికి వెళ్ళింది. పెరట్లో గోడకి ఆనించి చాంగ్‌బే కట్టిన తడకలున్నాయి, పూర్తి వాటాకి సరిపడా. ఒక్కొక్కటే దించి, దుమ్ము తుడిచి, నాచు పట్టీ పక్కన పట్టీ సర్దింది. అంతా అయ్యాక అరుగు మీద కూలబడింది. తలుపు గొళ్ళెం పెట్టి ఉంది. లోపల ఎవరూ లేరని ఆవిడకి తెలుసు. అయినా తలుపు వైపు తిరిగి, పక్కింట్లోవాళ్ళు వింటారన్న బెరుకు కూడా లేకుండా, మైకులో చెప్పినంత స్పష్టంగా చెప్పింది.

"నాది కూడా నువ్వే తీసుకోవే మిరాన్. నీకు ఇద్దామనే ఉంది. ఆ రోజే ఇద్దామనుకున్నాను. నీ మీద కోపం లేదు నాకు. నువ్వన్నది నిజమే. వాణ్ణి నేనే పడవెక్కించాను."

ఆవిడ ఇంకా చాలా చెప్పింది గానీ పాన్‌సున్ నాకు అంతవరకే చెప్పింది, మిగతాది వినలేక ఇవతలికి వచ్చేశానంది. ఎండ నడినెత్తికి వచ్చాక గుమ్‌నే లేచి, పని చొక్కా చేతితోనే మొహం తుడుచుకుని, తడకల మీది నాచు రెండో వైపు తిరగేసింది.